నిర్వచనం వచ్చు.. వివరణ వచ్చా?

‘అంతర్గత లక్షణం అంటే ఏమిటి?’ అని అడిగితే బైపీసీ చదివినవాళ్లు నిద్రలో లేపినా నిర్వచనం చెప్పేస్తారు. మెండల్ పేరు, బఠాణీ మొక్కలు, 3:1 నిష్పత్తి అన్నీ వరసగా వచ్చేస్తాయి. అదే ప్రశ్నను కాస్త తిప్పి అడిగి చూడండి. ‘ఉంగరాల బొచ్చున్న రెండు పిల్లులను జతకట్టిస్తే కూనలన్నీ మామూలు బొచ్చుతో పుట్టాయి. కారణం ఏమై ఉంటుంది?’ పాఠం అదే. కావాల్సిన సమాచారమంతా మీ బుర్రలోనే ఉంది. అయినా చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇది క్విజ్ కోసం కల్పించిన ప్రశ్న కాదు. 1960ల్లో ఇంగ్లండ్‌లో పిల్లులు పెంచేవాళ్లకు నిజంగా ఎదురైంది. వాళ్లు దాన్ని ఎలా విప్పారో తెలుసుకుంటే, మన తరగతి గదుల్లో ఏం జరగడం లేదో కూడా అర్థమవుతుంది. నేను చెప్పదలుచుకున్నది సూటిగా ఇదీ: డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు మరో సర్టిఫికెట్ కోర్సుకు ఫీజు కట్టేముందు, తమ సబ్జెక్టులో ఒక్క నిజమైన ఉదాహరణను మొదట్నుంచి చివరిదాకా తెలుసుకోవాలి. అందుకు నమూనాగా రెక్స్ పిల్లుల కథను తీసుకుంటున్నాను.

‘ఉద్యోగం కోసం మేం తిరుగుతుంటే పిల్లుల గోలేంటి?’ అనుకుంటున్నారా? న్యాయమైన ప్రశ్నే. దానికీ సమాధానం చెప్తాను. ముందు కథ వినండి.

అయిదు కూనల్లో ఒకటి

ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. అక్కడి బోడ్మిన్ మూర్‌లోని ఒక పొలం ఇంట్లో 1950 జులైలో సెరీనా అనే మామూలు పిల్లి అయిదు కూనల్ని పెట్టింది. నాలుగు అన్ని పిల్లుల్లాగే ఉన్నాయి. అయిదోది, లేత మీగడ రంగూ తెలుపూ కలిసిన మగ కూన, ఒంటినిండా చిన్నచిన్న అలల్లాంటి ఉంగరాల బొచ్చుతో పుట్టింది. దానికి కాలిబంకర్ అని పేరు పెట్టారు.

ఆ ఇంటావిడ పేరు నీనా ఎన్నిస్మోర్. ఆవిడ శాస్త్రవేత్త కాదు. కానీ గతంలో రెక్స్ కుందేళ్లను పెంచిన అనుభవం ఉంది. రెక్స్ కుందేళ్ల బొచ్చు మామూలు కుందేళ్ల బొచ్చులా ఉండదు. పైనుండే గట్టి, పొడవాటి వెంట్రుకలు కురచబారి, ముట్టుకుంటే మఖమల్‌లా ఉంటుంది. ఈ కూనను చూడగానే ఆవిడకు ఆ కుందేళ్లు గుర్తొచ్చాయి. ‘ఏదో జబ్బు చేసింది’ అనో, ‘భలే ముద్దుగా ఉంది’ అనో వదిలేయకుండా, ఇది కూడా అలాంటి మార్పేమో అనుకుని జన్యుశాస్త్రం తెలిసిన ఏ.సి.జూడ్‌ను సంప్రదించారు. ఆయన ఇచ్చిన సలహా: కూన పెద్దయ్యాక దాన్ని తల్లితోనే జతకట్టించి చూడండి.

తల్లితోనే ఎందుకు? ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీరే ఆలోచించండి. ఉంగరాల బొచ్చు అంతర్గత లక్షణమైతే, అది బయటపడాలంటే కూనకు రెండు వైపుల నుంచీ ఆ జన్యువు రావాలి. అంటే తల్లి పైకి మామూలుగా కనిపించినా లోపల ఒక ప్రతి మోస్తూ ఉండాలి. వేరే ఏ పిల్లితో జతకట్టించినా కూనలన్నీ మామూలుగా పుట్టి, లక్షణం మాయమైపోయినట్టు కనిపించవచ్చు. తల్లితో అయితే సగం కూనలు ఉంగరాల బొచ్చుతో పుట్టే అవకాశం ఉంది. పుస్తకంలో మనం ‘పశ్చ సంకరణం’ అని చదివి, రెండు మార్కుల ప్రశ్నగా రాసి మర్చిపోయేది ఇదే. జూడ్ సలహా పాటిస్తే ఇంకో రెండు ఉంగరాల కూనలు పుట్టాయి. అలా మొదలైన జాతే కార్నిష్ రెక్స్.

పక్క జిల్లాలో రెండో పిల్లి

పదేళ్లు గడిచాయి. 1960లో కార్న్‌వాల్‌కు పొరుగునే ఉన్న డెవాన్‌లో, బక్‌ఫాస్ట్‌లీ అనే ఊళ్లో, బెరిల్ కాక్స్ అనే ఆవిడ చేరదీసిన వీధి పిల్లికి కూనలు పుట్టాయి. వాటిలో ఒకదానికి ఉంగరాల బొచ్చు. పేరు కిర్లీ. అప్పటికే కార్నిష్ రెక్స్ పిల్లుల సంగతి పత్రికల్లో వచ్చి ఉంది. దాంతో ఆవిడ ఆ పిల్లుల్ని పెంచేవాళ్లకు కబురు పెట్టారు. వాళ్లూ సంబరపడ్డారు. రెండు ప్రాంతాలూ ఆనుకునే ఉన్నాయి. బొచ్చూ ఉంగరాలే. అప్పటికి కార్నిష్ పిల్లుల సంఖ్య తక్కువ. కొత్త రక్తం దొరికిందనుకున్నారు. కిర్లీని కార్నిష్ ఆడపిల్లులతో జతకట్టించారు.

కూనలన్నీ మామూలు బొచ్చుతో పుట్టాయి. ఒక్కటి కూడా ఉంగరాలు తిరగలేదు.

ఇదే మొదట్లో నేనడిగిన ప్రశ్న. ఇంటర్వ్యూలో ఈ ఫలితం చెప్పి అభిప్రాయం అడిగితే ‘ప్రయోగం ఫెయిలైంది సార్’ అనేవాళ్లు ఎక్కువమంది ఉంటారు. నిజానికి ఇది చాలా స్పష్టమైన ఫలితం. రెండు పిల్లుల్లోనూ దెబ్బతిన్నది ఒకే జన్యువైతే కూనలన్నీ ఉంగరాలతోనే పుట్టాలి. అలా పుట్టలేదు కాబట్టి దెబ్బతిన్నవి వేర్వేరు జన్యువులు.

ఇంకాస్త తేలిగ్గా చెప్తాను. బల్బు వెలగాలంటే ఫ్యూజూ బాగుండాలి, స్విచ్చూ బాగుండాలి. ఒక ఇంట్లో ఫ్యూజు పోయింది, స్విచ్చు బాగుంది. ఇంకో ఇంట్లో స్విచ్చు పోయింది, ఫ్యూజు బాగుంది. రెండిళ్లూ చీకటే. కానీ మొదటింటి స్విచ్చు, రెండోయింటి ఫ్యూజు తెచ్చి మూడో ఇంట్లో పెడితే బల్బు వెలుగుతుంది. కిర్లీ కూనల్లో జరిగింది అదే. ఒకరి లోపాన్ని ఇంకొకరి దగ్గరున్న మంచి ప్రతి పూడ్చింది. ఈ పరీక్షకు జన్యుశాస్త్రంలో పేరుంది, ‘కాంప్లిమెంటేషన్ టెస్ట్’ అంటారు. పేరు గుర్తులేకపోయినా ఫర్వాలేదు. తర్కం గుర్తుంటే చాలు.

ఇప్పుడొక లెక్క. ఆ మామూలు బొచ్చు కూనలు పెద్దయ్యాక వాటిలో వాటిని జతకట్టిస్తే వచ్చే తరంలో నిష్పత్తి ఎంత ఉండాలి? రెండు జన్యువుల్లోనూ కనీసం ఒక్కో మంచి ప్రతి ఉంటేనే బొచ్చు మామూలుగా ఉంటుంది. కాగితం మీద వేసి చూడండి, 9:7 వస్తుంది. స్వీట్ పీ పూల రంగు పాఠంలో మీరు బట్టీ పట్టిన 9:7 ఇదే. పూలకూ పిల్లులకూ ఒకే లెక్క ఎందుకొచ్చిందో ఒకసారి తెలిశాక ఆ అంకెను మళ్లీ బట్టీ పట్టక్కర్లేదు.

కిర్లీ వంశాన్ని విడిగా పెంచారు. అదే డెవాన్ రెక్స్. రెండు జాతులనూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. కార్నిష్ రెక్స్ సన్నగా, వీపు కాస్త విల్లులా వంగి, పొడవాటి కాళ్లతో ఉంటుంది. బొచ్చు ఒంటికి అంటుకున్న అలల్లా ఉంటుంది. డెవాన్ రెక్స్‌కు ముఖం చిన్నది, చెవులు పెద్దవి, అవి కాస్త కిందికి దిగి ఉంటాయి. బొచ్చు వదులుగా ఉంటుంది, మీసాలు తరచూ విరిగిపోయి పొట్టిగా కనిపిస్తాయి.

మూడో కథ: ఆరింట మూడు

1987లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో మరో ఉంగరాల కూన దొరికింది. అది పర్షియన్ పిల్లులు పెంచే జెరీ న్యూమన్ దగ్గరికి చేరింది. ఆమె దాన్ని ఒక నల్ల పర్షియన్ పిల్లితో జతకట్టించారు. ఆరు కూనలు పుడితే మూడింటికి ఉంగరాల బొచ్చు.

ఈ ఒక్క కాన్పు నుంచి మీరేం చెప్పగలరు? ఇదీ అంతర్గత లక్షణమే అనుకుంటే, ఎక్కడిదో ఒక పర్షియన్ పిల్లి కూడా అదే అరుదైన జన్యువును రహస్యంగా మోస్తోందని నమ్మాలి. అది చాలా దూరపు ఊహ. బహిర్గత లక్షణం అనుకుంటే ఒక్క ప్రతి చాలు, సగం కూనలకు రావడం సహజం. మొదటి తరంలోనే ఆ తేడా తెలిసిపోయింది. ఆ జాతికి సెల్‌కిర్క్ రెక్స్ అని పేరు పెట్టారు. బొద్దుగా, గొర్రెపిల్లలా ఉంటుంది. అయితే ఆరు కూనలంటే చాలా చిన్న నమూనా, దీంతో తుది తీర్పు ఇవ్వలేం అని కూడా అన్నారనుకోండి, ఏ ప్యానెల్‌కైనా మీరు ఆలోచించే మనిషని అర్థమైపోతుంది.

యాభై ఏళ్ల తర్వాత ల్యాబ్ మాట

ఈ నిర్ణయాలన్నీ డీఎన్‌ఏ చదివే యంత్రాలు లేకుండా, కూనల్ని లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని తీసుకున్నవే. మరి నిజమయ్యాయా? 2010లో డెవాన్ రెక్స్ లక్షణానికి కేఆర్‌టీ71 అనే జన్యువు కారణమని ప్రచురించారు. వెంట్రుక మొదట్లో దాన్ని పట్టి ఉంచే లోపలి తొడుగులోని ఒక కెరాటిన్ ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు అది. ఒంటిమీద బొచ్చే లేనట్టుండే స్ఫింక్స్ పిల్లిలో మారిందీ ఇదే జన్యువు, మార్పు వేరు. 2013లో కార్నిష్ రెక్స్ వంతు వచ్చింది. అక్కడ ఎల్‌పీఏఆర్‌6 అనే వేరే జన్యువులో నాలుగు అక్షరాలు ఎగిరిపోయాయని తేలింది. అదే ఏడాది సెల్‌కిర్క్ రెక్స్‌లోనూ కేఆర్‌టీ71లో ఇంకో రకం మార్పు ఉందని బయటపడింది. అంటే 1960ల్లో ‘రెండూ వేరు’ అన్న మాట అక్షరాలా నిజం.

ఇది పిల్లులతో ఆగిపోయే సంగతి కూడా కాదు. కుక్కల్లో ఉంగరాల బొచ్చు వెనకా కేఆర్‌టీ71 పాత్ర ఉందని 2009లో తేలింది. మనుషుల్లో ఎల్‌పీఏఆర్‌6 దెబ్బతింటే పుట్టుకతోనే జుట్టు పలచబడి, ఉన్నిలా మారే అరుదైన సమస్య వస్తుంది. ఒక పొలం ఇంట్లో పుట్టిన కూన గురించి అడిగిన ప్రశ్న చర్మవైద్యం దాకా వెళ్లింది.

అందం వెనక బిల్లు

ఈ కథలో సంబరపడలేని భాగమూ ఉంది. ఒకే కూన నుంచి జాతిని తయారుచేయాలంటే దగ్గరి రక్తసంబంధాల్లోనే జతకట్టించాల్సి వస్తుంది. దాంతో బొచ్చుతో పాటు దాగి ఉన్న జబ్బులూ పైకి తేలతాయి. అందుకే కార్నిష్ పిల్లుల్ని తర్వాత సయామీ, బర్మీస్, బ్రిటిష్ షార్ట్‌హెయిర్ లాంటి జాతులతో కలిపారు. డెవాన్ రెక్స్‌లో కండరాలు బలహీనపడే ఒక వంశపారంపర్య జబ్బు ఉంది. కాల్‌క్యూ అనే జన్యువులోని మార్పు దానికి కారణం. దాన్ని మోస్తున్న పిల్లుల్ని ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్షతో ముందే గుర్తించవచ్చు. పరీక్ష చేయించకుండా కూనల్ని అమ్ముకునేవాళ్ల లాభానికి బిల్లు కట్టేది ఆ పిల్లులే.

ఇంకో ప్రచారం మీరు వినే ఉంటారు. ‘ఈ పిల్లులు ఎక్కువ వెంట్రుకలు రాల్చవు, కాబట్టి ఎలర్జీ రాదు’ అని. పిల్లుల వల్ల వచ్చే ఎలర్జీకి ముఖ్య కారణం వెంట్రుక కాదు. ఫెల్ డి 1 అనే ప్రోటీన్. అది పిల్లి లాలాజలంలోనూ, చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ ఉంటుంది. రెక్స్ పిల్లి కూడా ఒళ్లు నాక్కుంటుంది కదా! వెంట్రుకలు తక్కువ రాలితే సోఫా శుభ్రంగా ఉండొచ్చేమో గానీ, ఎలర్జీ ఉన్న మనిషికి అది హామీ కాదు. అమ్మేవాడి మాటకూ, అసలు కారణానికీ మధ్య ఉన్న ఈ సందును పట్టుకోగలగడమే చదువుకున్నదానికి గుర్తు. మొదటి జీతంతో ఏదైనా జాతి పిల్లిని కొందామనుకునేవాళ్లకూ ఇది పనికొస్తుంది.

అయితే ఉద్యోగానికి ఏం సంబంధం?

మన డిగ్రీ కాలేజీల్లో పరీక్ష అంటే నిర్వచనం, భేదాలు, పటం. మూడేళ్లు దానికే అలవాటు పడతాం. పోటీ పరీక్షల్లో బిట్లకు ఆ అలవాటు పనికొస్తుంది, కాదనను. గ్రూప్స్‌కో డీఎస్సీకో సిద్ధమయ్యేవాళ్లకు జ్ఞాపకశక్తి లేకపోతే కుదరదు. కానీ డయాగ్నస్టిక్ ల్యాబ్‌లోనో, ఫార్మా కంపెనీ క్వాలిటీ విభాగంలోనో, పరిశోధన సంస్థలో ప్రాజెక్టు అసిస్టెంట్‌గానో చేరితే అక్కడ రోజూ ఎదురయ్యేది ‘అనుకున్న ఫలితం రాలేదు, ఎందుకు?’ అన్న ప్రశ్నే. దానికి గైడ్ ఉండదు. హైదరాబాద్ చుట్టూ జీనోమ్ వ్యాలీ ఉంది, సీసీఎంబీ ఉంది, అంతరించిపోయే జంతువుల డీఎన్‌ఏ మీద పనిచేసే ల్యాకోన్స్ ఉంది. ఇలాంటి చోట తలుపు తట్టేవాడు మార్కుల జాబితాతో పాటు ఒక కారణాన్ని వెతికి పట్టుకోవడం తెలుసని చూపించగలగాలి.

ఇంతమాత్రానికే ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పడం లేదు. ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ. నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రాకపోవడం మీ తప్పు కాదు. ‘నైపుణ్యం లేకే ఉద్యోగాలు రావట్లేదు’ అని నెపమంతా విద్యార్థుల మీదికి నెట్టేసే మాటతో నేను ఏకీభవించను. లెక్చరర్ పోస్టులు భర్తీ కాని కాలేజీలో, సామగ్రి లేని ల్యాబ్‌లో చదివినవాళ్లను నిలదీయడం అన్యాయం. అయితే ఈ కథలో నాకు నచ్చింది సరిగ్గా అదే. ఎన్నిస్మోర్ దగ్గరా ల్యాబ్ లేదు. గమనించిన కళ్లు, పోల్చుకోవడానికి పాత అనుభవం, తెలిసినవాళ్లను అడగాలన్న బుద్ధి, రాసిపెట్టుకునే ఓపిక.. అంతే. ఈ నాలుగూ ఏ ఊరి కాలేజీలోనైనా అలవర్చుకోవచ్చు. ఫీజు లేదు.

మీ సబ్జెక్టులో ఇలా చేయండి

పిల్లులే అక్కర్లేదు. బీకామ్ వాళ్లు 2009లో బయటపడ్డ సత్యం కంప్యూటర్స్ వ్యవహారం తీసుకోండి. ఖాతాల్లో లేని నగదు ఉన్నట్టు ఏళ్ల తరబడి ఎలా చూపించగలిగారు, ఆడిటర్ బ్యాంకు నుంచే నేరుగా ధ్రువీకరణ ఎందుకు తీసుకోవాలి అన్నది తవ్వండి. కంప్యూటర్స్ వాళ్లకు 1996లో పేలిపోయిన ఏరియన్ 5 రాకెట్ ఉంది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోతే ఏమైందో చూడండి. సివిల్ వాళ్లకు 1940లో గాలికి ఊగి కూలిన టకోమా నారోస్ వంతెన ఉంది. ఏది తీసుకున్నా ఈ అయిదు ప్రశ్నలకు మీ సొంత మాటల్లో, తెలుగులోనే సరే, జవాబు రాయండి.

1. మొదట ఎవరు, ఏం గమనించారు? అది ఎందుకు వింతగా అనిపించింది?

2. అప్పుడు అందరూ అనుకున్న కారణం ఏమిటి?

3. ఆ కారణం తప్పయితే ఏం కనిపించాలి? ఏ పరీక్షతో తేల్చారు?

4. తర్వాత వచ్చిన సాక్ష్యం దాన్ని బలపరిచిందా, మార్చిందా?

5. దీనివల్ల నష్టపోయింది ఎవరు? ఏం చేసి ఉంటే ఆ నష్టం తగ్గేది?

రెండు పేజీలు చాలు. రాశాక మీ సబ్జెక్టు తెలియని ఒక స్నేహితుడికి పది నిమిషాల్లో చెప్పండి. వాడు మధ్యలో ‘ఆగాగు, అదెలా?’ అన్నచోటే మీకు సరిగ్గా తెలియని చోటు. అక్కడికి మళ్లీ వెళ్లి చదవండి. ఇలా నెలకొకటి చేసినా, చివరి ఏడాది పూర్తయ్యేసరికి మీ చేతిలో పది నిజమైన ఉదాహరణలు ఉంటాయి. ‘మీకు బాగా తెలిసిన అంశం ఒకటి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోవాల్సిన పని ఉండదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. దీన్ని కూడా బట్టీ పట్టే అంశంగా మార్చేయకండి. కాలిబంకర్ పుట్టిన నెల గుర్తుపెట్టుకోవడం గొప్ప కాదు. కిర్లీ కూనలన్నీ మామూలుగా పుట్టిన రోజున అక్కడ మీరుంటే తర్వాత ఏం చేసేవాళ్లో చెప్పగలగాలి. ఈ ఆదివారం మీ సబ్జెక్టు నుంచి ఒక ఉదాహరణ ఎంచుకుని, మొదటి ప్రశ్నకు జవాబు రాయడం మొదలుపెట్టండి.